అంకె కింద అంకె

చాలా ఇళ్ళల్లోకి కంప్యూటర్ పిల్లల చదువు కోసమో, దూరదేశంలో ఉన్న కొడుకుతో మాట్లాడటం కోసమో వచ్చి ఉంటుంది. మా ఇంటికి మాత్రం పదిహేనుమంది ఆడవాళ్ళ రోజుకో రూపాయి లెక్క కోసం వచ్చింది. 1998లో, తుగ్గలిలో.

తుగ్గలి తెలియనివాళ్ళకి ఒక మాట. గుంతకల్లు నుంచి డోన్ వైపు పోయే రైలు దారిలో మద్దికెర తర్వాత వచ్చే చిన్న స్టేషను మాది. కర్నూలు జిల్లా. తొలకరి పడగానే టీవీలో "వజ్రాల వేట" అని చూపిస్తారే, ఆ చేలు మావే. జొన్నగిరి, పగిడిరాయి, తుగ్గలి చేలల్లో ఎక్కడెక్కడి జనమో వచ్చి తలవంచుకుని మట్టిలో వెతుకుతుంటారు. వజ్రం దొరికినవాళ్ళ కథ అందరూ చెప్పుకుంటారు. దొరకనివాళ్ళం ఏం చేస్తామంటే, బుడ్డలు వేసుకుంటాం. వాన మొహం చాటేస్తే సుగ్గికి పోతారు.

సుగ్గి అంటే వలస. పని లేని నెలల్లో ఇంటికి తాళం వేసి, పిల్లల్ని ముసలోళ్ళకి అప్పజెప్పి, గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోవడం. మళ్ళీ ఉగాదికో, ఆ తర్వాతో రావడం. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, లెక్కతో పని ఉంది.

నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు కదా, ఆ ఊపులోనే రోజుకో రూపాయి దాచుకునే పొదుపు సంఘాలు వచ్చాయి. అవి మెల్లగా రాష్ట్రమంతా పాకి మా ఊరికీ చేరాయి. మా సంఘం 1997 జూలైలో మొదలైంది. మా అత్తమ్మ లీడరు. ఇంటర్ చదివిన కోడల్ని కాబట్టి పుస్తకం రాసే పని నాది. మనిషికి నెలకి ముప్పై, పదిహేనుమందికి నాలుగు వందల యాభై. అందులోంచే ఒకరికొకరు నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పులిచ్చుకునేవాళ్ళు.

పదిహేనుమందిలో చదవడం వచ్చినవాళ్ళు నలుగురే. కానీ డబ్బు అంకెలు తెలియనివాళ్ళు ఒక్కరూ లేరు. బస్సు నంబరు, నోటు మీద అంకె, బియ్యం కార్డు మీద అంకె ఎవరికి తెలియవు చెప్పండి! మాలో అందరికంటే పెద్దావిడని అవ్వ అనేవాళ్ళం. నేను రాసే పుస్తకంలో రూపాయలకి ఒక గీత, పైసలకి ఒక గీత అచ్చువేసి ఉండేవి. అవ్వ పేర్ల జోలికి పోయేది కాదు. కుడిపక్క గీత వెంబడి వేలు దించుకుంటూ వచ్చి "ఇవి ఒకట్లు, ఇవి పదులు, ఇవి నూర్లు" అని చూసుకునేది. ఆవిడ అంకెని చదివేదానికంటే అంకె కూచున్న చోటుని ఎక్కువ చదివేది.

చిక్కంతా సుగ్గికి పోయేటప్పుడు వచ్చింది. పుస్తకం ఒకటే, అది మా ఇంట్లో ఉంటుంది. మనుషులు మూడు నెలలు ఊళ్ళో ఉండరు. "మేం లేనప్పుడు పుస్తకంలో ఏం రాసుకుంటారో ఎవరికి తెలుసు" అని ఒకరన్నారు. అనడంలో తప్పు లేదు. ప్రోనోటు మీద వేలిముద్ర వేసి, రెండేళ్ళ తర్వాత అంకె పక్కన ఇంకో అంకె మొలిస్తే ఏడ్చిన కుటుంబాలు మా వైపు తక్కువేం కాదు. వాళ్ళకి కావలసింది ఒక్కటే: ఈ రోజుకి నా డబ్బు ఇంత అని చెప్పే కాగితం, వక్కాకు తిత్తిలో పెట్టుకుని గుంటూరుకి పట్టుకుపోయేది.

పదిహేను చీటీలు చేత్తో రాసి, మళ్ళీ పుస్తకంలో రాసి, మళ్ళీ మొత్తం కూడి... ప్రతి నెలా ఎవరివల్ల అవుతుంది? అప్పుడు వచ్చాడు మా తమ్ముడు.

వాడు ఆదోనిలో కంప్యూటర్ కోర్సు చేసి ఉద్యోగం కోసం చూస్తున్నాడు. ఆదోని పత్తి మార్కెట్ దగ్గర ఒక మండీవాళ్ళు పాత కంప్యూటర్‌నీ, చుక్కల ప్రింటర్‌నీ అమ్మేస్తుంటే కొన్నాడు. పత్తికొండ మీదుగా బస్సులో, మానిటర్‌ని పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని మా ఇంటికి తెచ్చాడు. వాడికి వచ్చిన భాష బేసిక్. 1964లో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ అనే ఇద్దరు లెక్కల ప్రొఫెసర్లు తయారుచేసిన భాష అది. సైన్సు చదవని పిల్లలు కూడా కంప్యూటర్ వాడాలని వాళ్ళ ఉద్దేశం. మన దేశంలో 1984లో మొదలైన క్లాస్ అనే పథకం కింద బడులకి బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చారు, వాటిలో ఉన్నదీ ఈ బేసిక్కే. మా తమ్ముడి దగ్గర ఉన్నది డాస్‌తో వచ్చిన జీడబ్ల్యూ బేసిక్. ఎవరూ చెప్పకుండా, ఎవరూ డబ్బివ్వకుండా, సరదా కోసం రాత్రిళ్ళు కూచుని మా సంఘానికి ప్రోగ్రాం రాశాడు.

కూడిక, వడ్డీ లెక్క రెండు రాత్రుల్లో అయిపోయాయి. కాగితం మీద పద్ధతిగా అచ్చు వేయడానికి నెల పట్టింది. ఈ కథంతా ఆ నెల గురించే.

నవంబరు లెక్క మొదటిసారి అచ్చు వేసి అవ్వ చేతికిచ్చాం. పొదుపు, వడ్డీ వాటా, మొత్తం ఇలా వచ్చాయి:

510
32.5
542.5

లెక్క తప్పేం లేదు. అవ్వ మాత్రం వేలు పెట్టి చూసి కాగితం పక్కన పెట్టేసింది. "ఏందిమ్మే ఇది? ముప్పై రెండు రూపాయలు పోయి నూర్ల కింద కూచున్యాదే! ఆ పక్కన ఐదు పైసలేంది? నాకు యాభై పైసలు రావల్ల గదా."

నిజమే కదా! బేసిక్‌కి ప్రింట్ అని ఊరికే చెప్తే అంకెల్ని ఎడమ పక్కనుంచి మొదలుపెడుతుంది. పైగా చివరి సున్నాకి విలువ లేదనుకుని కొట్టేస్తుంది. లెక్కల మాస్టారికి 32.5 అన్నా 32.50 అన్నా ఒకటే. రూపాయి రూపాయి కూడబెట్టినావిడకి ఒకటి కాదు. ఆ సున్నా లేకపోతే యాభై పైసలు ఐదు పైసలై కనబడతాయి.

ఇంకో గొడవ పేర్లతో వచ్చింది. ఆ యంత్రంలో తెలుగు రాదు. పుణె సి-డాక్ వాళ్ళు తయారుచేసిన జిస్ట్ కార్డు వేస్తే డాస్‌లోనూ తెలుగు వస్తుందని తమ్ముడు చెప్పాడు కానీ, అది కొనే స్తోమత మాకెక్కడిది? అందుకని పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాడు. మన పేర్లు ఇంగ్లీషులోకి పోతే ఎంత పొడుగవుతాయో చూడండి. "లక్ష్మి" మనకి రెండక్షరాలు, వాళ్ళకి ఏడు. మా సంఘంలో లక్ష్మీదేవులు ముగ్గురు కాబట్టి ఇంటిపేరు కూడా కలపాల్సి వచ్చింది.

తమ్ముడు ట్యాబ్ అనే ఆజ్ఞతో డబ్బుని ఇరవై ఐదో గడిలో పెట్టమన్నాడు. చిన్న పేర్లకి బాగానే ఉంది. పేరు ఆ గడిని దాటిపోతే మాత్రం ట్యాబ్ ఏం చేస్తుందంటే, కింది వరసకి దిగి అక్కడ ఇరవై ఐదో గడిలో డబ్బు పెడుతుంది. అంటే పొడుగు పేరు ఉన్నావిడ ఎదురుగా ఖాళీ. ఆమె డబ్బు దిగి కింది ఆవిడ నెత్తిన కూచుంది. చూసేవాళ్ళకి కింది ఆవిడకి రెండు సార్లు డబ్బు పడినట్టుంది. ఇద్దరూ ఒకే వీధివాళ్ళు. అంతకుముందే కుళాయి దగ్గర మాటల్లేవు. ఇక చూసుకోండి! "నా డబ్బు ఆయమ్మకి రాసినారు" అని ఒకరు, "నేను దొంగనా" అని ఇంకొకరు. మా అత్తమ్మ మధ్యలో నిలబడి సర్దిచెప్పేసరికి పొద్దుగూకింది. ఇదంతా ఒక అంకె ఒక వరస కిందికి జారినందుకు.

ఆ రాత్రి తమ్ముడు పుస్తకం తిరగేసి ప్రింట్ యూజింగ్ అనే ఆజ్ఞ పట్టుకున్నాడు. అది చూపిస్తే నాకు వెంటనే అర్థమైంది, ఎందుకంటే అది అచ్చం మన ముగ్గే. ముందు చుక్కలు పెట్టుకుంటాం, తర్వాత గీత ఆ చుక్కల్ని దాటకుండా తిరుగుతుంది. ఇక్కడ చుక్కల బదులు ####.## అని గుర్తులు పెట్టాలి. ఒక్కో గుర్తు ఒక్కో అంకెకి కూచునే పీట. చుక్కకి కుడివైపు రెండు పీటలు పైసలవి. అంకె ఉన్నా లేకపోయినా అక్కడ సున్నా వచ్చి కూచోవాల్సిందే. ఎడమవైపు మిగిలిన పీటలు ఖాళీగా ఉంటాయి. దాంతో ఒకట్ల కింద ఒకట్లు, పదుల కింద పదులు, పైసల కింద పైసలు వచ్చేశాయి.

పీటలు చాలకపోతే? అదీ చూశాం. సంఘం మొత్తం నాలుగంకెల్లో ఉంది, తమ్ముడు పెట్టింది మూడు పీటలే. అప్పుడు బేసిక్ అంకెని కొయ్యదు, పూర్తిగానే వేసి ముందు % గుర్తు పెడుతుంది. గిన్నె చాలలేదు, పొంగింది అని చెప్పడం అన్నమాట. కానీ మా వాళ్ళకి ఆ గుర్తు బ్యాంకు గోడ మీద వడ్డీ రేటు పక్కన చూసిందే. "ఇదేం వడ్డీ, ఎవరేసినారు?" అని మళ్ళీ ఒక పంచాయితీ. ఇంకో పీట వేయగానే పోయింది. ఇంకో తమాషా, మధ్యలో కామా పెట్టమంటే అది వాళ్ళ దేశం పద్ధతిలో 100,000 అని పెడుతుంది. మన 1,00,000 దానికి రాదు. మా సంఘం లక్ష మొహం చూడలేదు కాబట్టి బతికిపోయాం!

డబ్బు కుదిరింది, పేర్లు మిగిలాయి. ప్రింట్ యూజింగ్‌లో పేరుకీ ఇన్ని గడులని హద్దు పెట్టొచ్చు. హద్దు దాటిన అక్షరాల్ని అది వదిలేస్తుంది. తమ్ముడు పదిహేను గడులు పెట్టాడు. వరసలు అద్దం లాగా వచ్చాయి, వాడి మొహం వెలిగిపోయింది. పొడుగు పేరు ఆవిడ చదువుకున్న కూతురితో చదివించుకుని వచ్చింది. కోపంగా లేదు, చిన్నబోయి ఉంది. "అబ్బోడా, నా పేరు సగమే ఏసినావంటనే. రేషన్ కార్డులో ఎట్లాగూ తప్పే రాసినారు. ఈడ కూడా సగమేనా?"

తమ్ముడు పేరుకి గడులు పెంచుదామన్నాడు. పెంచితే డబ్బుకి చోటు తగ్గుతుంది, రేపు ఇంకా పొడుగు పేరు వస్తే మళ్ళీ అదే కథ. నేను అన్నాను, "పేరు ముందే ఎందుకురా ఉండాలి? చివర్లో పెట్టు. ముందు నంబరు, తర్వాత డబ్బు, చివర్లో పేరు. చివర్లో ఉంటే ఎంత పొడుగైనా పోనీ, దాని వెనక తోసేదానికి ఏముంది?" మనం పెళ్ళిపంక్తిలో చేసేదే ఇది. కాళ్ళు చాపుకునే పెద్దాయన్ని మధ్యలో కూచోబెడతామా? చివర్న వేస్తాం, ఆయనకీ సుఖం, పక్కవాళ్ళకీ సుఖం. తమ్ముడు కాసేపు నన్నే చూసి, ఒక వరస మార్చాడు. అంతే. అన్ని పేర్లూ పూర్తిగా వచ్చాయి, ఒక్క అంకె కూడా కదల్లేదు.

తర్వాత చీటీ కొలత. పక్కన చిల్లులున్న ఆ మడతల కాగితం పేజీకి పదకొండు అంగుళాలు, అంగుళానికి ఆరు వరసల చొప్పున 66 వరసలు. మనిషికి 11 వరసలిస్తే పేజీకి ఆరు చీటీలు. పదిహేనుమందికి రెండున్నర పేజీలు. మిగిలిన అర పేజీలో 33 వరసలు, అందులో సంఘం మొత్తం లెక్క సరిగ్గా పట్టింది. చీర మీద రవికె గుడ్డ మిగిలినట్టు అనిపించింది నాకు. ఒక్క వరస అటూ ఇటూ అయితే కత్తెర ఎవరో ఒకరి మొత్తం మీద పడుతుంది. అందుకే మొదటి చీటీ పై అంచు దగ్గర కాగితం సరిచేసి పెట్టే పని నా మీద వేసుకున్నా.

డిసెంబరులో అప్పుల మీద వడ్డీ సరిగ్గా వంద రూపాయలు వచ్చింది. పదిహేనుమందికి పంచాలి. ప్రింట్ యూజింగ్ అందరికీ 6.67 అని చక్కగా వేసింది, కింద మొత్తం 100.00 అని వేసింది. చదువుకున్న నలుగురిలో ఒకావిడ కూర్చుని కూడింది. వంద రూపాయల ఐదు పైసలు వచ్చింది. "ఆ ఐదు పైసలు ఎవరి జేబులోంచి ఇస్తారు?" అని అడిగింది. ఎగతాళికి కాదు, నిజంగానే. లోపల అంకె 6.666 అని సాగుతూనే ఉంటుంది, పీటలు రెండే కాబట్టి బేసిక్ దాన్ని దగ్గరి పైసకి సర్దేస్తుంది. కాగితం అందంగా ఉంది, కానీ నిజం చెప్పడం లేదు. తమ్ముడు అప్పుడు రూపాయల్లో లెక్క మానేసి అంతా పైసల్లో పెట్టాడు. పదివేల పైసలు, మనిషికి 666. మిగిలిన పది పైసలు ఎవరికీ పంచకుండా "సంఘం పెట్టె" అని వేరే వరసలో చూపించాడు. పది పైసలకి ఒక వరసా అని మా ఆయన నవ్వాడు. ఆ వరస చూశాకే మా వాళ్ళు మొత్తాన్ని నమ్మారు.

చివరి కోరిక అవ్వది. "ఈ అంకెకి ముందర ఇంత జాగా ఉండాదే, ఎవరన్నా ఈడ ఒకటేస్తే?" ప్రోనోటు భయం ఆవిడకి ఇంకా పోలేదు. దానికీ బేసిక్‌లో మందు ఉంది. పీటల ముందు రెండు చుక్క గుర్తులు పెడితే ఖాళీ జాగా అంతా వాటితోనే నిండిపోతుంది. డిసెంబరు ఆఖరుకి అవ్వ చీటీ ఇలా వచ్చింది:

\*\*540.00
\*\*\*39.16
\*\*579.16

అవ్వ వేలు పెట్టింది. పైనుంచి కిందికి దించింది. ఏమీ అనలేదు. చీటీ మడిచి తిత్తిలో పెట్టుకుంది.

ప్రింటర్ పని చేస్తుంటే చూడటానికి పిల్లలతో పాటు అవ్వ కూడా వచ్చి కూచునేది. దాని తలలో తొమ్మిది సూదులు ఉంటాయి, అవి రిబ్బన్ మీద పొడిస్తే చుక్కలు పడి అక్షరం అవుతుంది. తల ఎడమ నుంచి కుడికి పోతూ ఒక వరస వేస్తుంది, ఊరికే తిరిగి రాకుండా కుడి నుంచి ఎడమకి వస్తూ ఇంకో వరస వేస్తుంది. "మడక దున్నినట్టు ఉండాది. కొసకి పోయి మళ్ళుకుంటాంది" అంది అవ్వ.

ఆ మాటకి మా ఆయన ఎర్రగుడి సంగతి చెప్పారు. మా మండలంలోనే ఎర్రగుడి దగ్గర బండల మీద అశోకుడి శాసనాలు ఉన్నాయి. అవి 1929లో బయటపడ్డాయి. వాటిలో ఒక శాసనంలో కొన్ని వరసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకి చెక్కి ఉన్నాయి. అలాంటి రాతకి పండితులు వాడే గ్రీకు మాటకి అర్థం "ఎద్దు మళ్ళినట్టు" అనేనట! అవ్వకి గ్రీకు తెలియదు, ఎద్దు తెలుసు. కాకపోతే ఒక తేడా ఉంది. ప్రింటర్ తిరిగి వస్తూ వేసినా చదివేవాళ్ళకి వరస ఎడమ నుంచే ఉంటుంది, ఆ తిప్పలు అదే పడుతుంది. బండ మీద అలా కాదు. చదివేవాళ్ళే ఎద్దులా మళ్ళాలి.

సంక్రాంతి అయ్యాక తొమ్మిదిమంది సుగ్గికి పోయారు, తొమ్మిది చీటీలు వాళ్ళతో పోయాయి. ఉగాది తర్వాత వచ్చి, చెమటకీ కారానికీ ఎర్రబడ్డ చీటీలు మా అరుగు మీద పరిచారు. పుస్తకం తెరిచాను. ఒక్కొక్కరూ తమ చీటీ పక్కన పెట్టుకుని చూసుకున్నారు. పైసతో సహా కలిసింది. అప్పటిదాకా సంఘంలో అప్పు తీసుకోవడానికి జంకిన అవ్వ ఆ రోజే విత్తనం బుడ్డలకి ఐదు వందలు అడిగింది. ఊళ్ళో వడ్డీవ్యాపారి దగ్గరికి పోకుండా అదే మొదటిసారి అంది. కుళాయి దగ్గర మాటల్లేని ఇద్దరూ ఒకరి చీటీ ఒకరికి చూపించుకోవడం కూడా చూశాను.

తమ్ముడికి తర్వాత బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. ఇంకెన్నో పెద్ద ప్రోగ్రాములు రాశాడు. ఇప్పుడు సంఘాల డబ్బు బ్యాంకుల్లో, లెక్క ఫోన్లలో. డబ్బు పడగానే టింగుమని మెసేజ్ వస్తుంది. ఇంగ్లీషులో, ఖాతా నంబరు, తేదీ, ఏవేవో అక్షరాలు, వాటి మధ్యలో ఎక్కడో డబ్బు. మా వీధిలో పెద్దవాళ్ళు ఆ ఫోన్ పట్టుకుని నా దగ్గరికి వస్తారు. నేను చదివి చెప్పి ఊరుకోను. ఒక చిన్న నోటు పుస్తకంలో పాత మొత్తం, కొత్తగా పడింది, ఇప్పుడున్నది, మూడూ ఒకదాని కింద ఒకటి రాసిస్తాను. పైసలు లేకపోయినా రెండు సున్నాలు పెడతాను. పేరు చివర్న, పూర్తిగా.

మీరూ చేసి చూడండి. పాలవాడి లెక్కో, పనమ్మాయి జీతమో, అత్తగారి పెన్షనో, ఎవరికైనా డబ్బు లెక్క చెప్పేటప్పుడు నోటితో చెప్పి వదిలేయకండి. అంకె కింద అంకె పెట్టి రాసివ్వండి. చదువు రాని మనిషి కూడా వేలు పెట్టి చూసుకోగలిగేట్టు ఉండాలి. వాళ్ళు మనల్ని నమ్ముతారా లేదా అన్నది తర్వాతి మాట. ముందు వాళ్ళంతట వాళ్ళు సరిచూసుకునే వీలు ఇవ్వాలి కదా.